సిపాయి జాబు – ఇంటివారి హక్కు

యుద్ధాల చరిత్ర వ్రాసినవారు ఎన్ని కోటలు పడ్డాయో, ఎన్ని ఏనుగులు చిక్కాయో, ఎంత సొమ్ము కప్పంగా వచ్చిందో వివరంగా వ్రాసిపెట్టారు. దండు విడిదిలో వున్న సిపాయికి ఇంటి కబురు ఎన్నాళ్ళకు అందింది, అతడు బ్రతికి వున్నాడన్న సంగతి భార్యాబిడ్డలకు ఎలా తెలిసింది అన్న ప్రశ్నలు మాత్రం వారి దృష్టికి అంతగా రాలేదు. కాని సిపాయి జీవితంలో పోరాడే రోజులు కొద్ది. విడిదిలో కూర్చుని ఎదురుచూచే రోజులే ఎక్కువ. ఆ ఎదురుచూపు అతనికి ఎంత వుంటుందో, ఊళ్ళో వాకిలి వైపు చూస్తూ కూర్చున్న తల్లికీ, ఇల్లాలికీ అంతే వుంటుంది.

2016లో పలు జిల్లాలుగా విడిపోయిన పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలు ఏడు వందల ఏళ్ళుగా దండ్లు నడిచిన నేల. ఢిల్లీ సైన్యాలు ఈ దారినే ఓరుగల్లుకు వచ్చాయి. ఎలగందుల, జగిత్యాల, నిర్మల్ కోటల్లో దూరదేశాల సిపాయిలు కావలి కాచారు. హైదరాబాదు రాజ్యపు బిడ్డలు ఇక్కడి నుంచి సూయజ్ కాలువకూ, మలయా తీరానికీ వెళ్ళారు. ఈ సుదీర్ఘ చరిత్రను క్షేమ సమాచారం అనే ఒక్క కోణం నుంచి చూస్తే ఒక సత్యం స్పష్టమవుతుంది. పాలకులు టపాను తమ అవసరం కోసం ఏర్పాటు చేసుకున్నారు. ఇస్లామీయ సంప్రదాయం మాత్రం సిపాయి కబురును ఇంటివారి హక్కుగా పరిగణించింది. ఈ రెండింటి మధ్య వున్న దూరమే ఈ వ్యాసానికి విషయం.

ఫారూఖీ ఆదర్శం

రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) కాలంలో ముస్లిం సైన్యాలు ఇరాక్, షామ్, మిసర్ దేశాల్లో ఏకకాలంలో పోరాడుతున్నాయి. మదీనాలో ఎన్నో ఇళ్ళు మగదిక్కు లేకుండా వున్నాయి. ఒకరాత్రి గస్తీ తిరుగుతున్న ఖలీఫా చెవిన ఒక ఇల్లాలి వేదన పడింది. ఆమె భర్త దండులో వున్నాడు. దైవభీతే లేకపోతే తన ఒంటరితనం తనను ఎక్కడికి నెట్టేదో అని ఆమె కవితలో వాపోతున్నది. ఖలీఫా ఆమెను మందలించలేదు. తన కుమార్తె, విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి) వద్దకు వెళ్ళి, భర్త ఎడబాటును స్త్రీ ఎంతకాలం ఓర్చుకోగలదని అడిగారు. ఆమె చెప్పిన గడువు కొన్ని రివాయతుల్లో నాలుగు నెలలు, కొన్నింటిలో ఆరు నెలలు. ఈ రెండింటికీ వైరుధ్యం లేదని ఫిఖ్హా గ్రంథాలను చూస్తే తెలుస్తుంది. ప్రయాణానికి ఒక నెల, విడిదిలో నాలుగు నెలలు, తిరుగు ప్రయాణానికి ఒక నెల – ఇలా ఆరు నెలలని హంబలీ పండితుడు ఇబ్నె ఖుదామా వివరించారు. దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 226వ ఆయతులో, భార్యకు దూరంగా వుంటానని ప్రమాణం చేసిన భర్తకు ఇచ్చిన గడువు కూడా నాలుగు నెలలే కావడం గమనార్హం.

మౌలానా షిబ్లీ నోమానీ తమ ‘అల్ ఫారూఖ్’ గ్రంథంలో మరో సంగతిని పేర్కొన్నారు. 20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో హైదరాబాదులో ఉద్యోగం చేసిన ఈ చరిత్రకారుడు మన ప్రాంతానికి కొత్తవాడు కాదు. రణరంగం నుంచి జాబులు వచ్చినప్పుడు ఖలీఫాయే స్వయంగా వాటిని ఇంటింటికీ తీసుకువెళ్ళేవారు. తిరుగు టపా ఫలానా రోజున బయలుదేరుతుంది, అప్పటికి జవాబులు సిద్ధం చేసుకోండని చెప్పేవారు. చదువు వచ్చినవారు లేని ఇంట్లో గడప దగ్గర కూర్చుని, లోపలి నుంచి ఇల్లాలు చెబుతూ వుంటే తామే వ్రాసిపెట్టేవారు.

ఇందులో మూడు సూత్రాలున్నాయి. ఎడబాటుకు ఒక హద్దు వుండాలి. జాబు రావడమే కాదు, జవాబు పోవడానికీ ఏర్పాటు వుండాలి. చదువురాని ఇంటికి ప్రభుత్వమే కలం అందించాలి. బస్రా, కూఫా నగరాలు తొలుత సైనిక విడుదులుగానే వెలసి, సిపాయిల కుటుంబాలు కూడా అక్కడికి చేరడంతో పట్టణాలైన సంగతిని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కబురు పంపడం కష్టమైన చోట కుటుంబాన్నే విడిదికి చేర్చడం మరో మార్గం.

ఓరుగల్లు ముట్టడిలో ఆగిన టపా

1309లో అలాఉద్దీన్ ఖిల్జీ సేనాని మలిక్ కాఫూర్ ఢిల్లీ నుంచి ఓరుగల్లుకు బయలుదేరాడు. దారిలో అతడు పట్టుకున్న సబర్ కోట నేటి కొమురంభీం ఆసిఫాబాదు జిల్లాలోని సిర్పూరేనని చరిత్రకారులు గుర్తించారు. 1310 ఆరంభంలో అతని దండు ఓరుగల్లు కోటను చుట్టుముట్టింది.

సైన్యం ఎక్కడికి పోయినా ఢిల్లీ నుంచి అక్కడిదాకా మజిలీ మజిలీకి గుర్రాలనూ, హర్కారాలనూ నిలిపి వుంచడం అలాఉద్దీన్ పద్ధతి. ఓరుగల్లు ముట్టడి సాగుతుండగా తెలంగాణంలో దారులు తెగి, నలభై రోజులకు పైగా వార్త అందలేదని జియాఉద్దీన్ బరనీ వ్రాశాడు. సుల్తాను కలవరపడి హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (రహ్మ) వద్దకు మనుషులను పంపాడు. ఇస్లాం సైన్యం గురించిన చింత నాకంటె మీకే ఎక్కువగా వుంటుంది, మీకేమైనా తెలిస్తే చెప్పండని వేడుకున్నాడు. హజ్రత్ శుభవార్తే చెప్పారు. అదేరోజు విజయవార్తతో హర్కారాలు ఢిల్లీ చేరారు. ఆ వ్యవధిలో ఢిల్లీలోని సిపాయిల ఇళ్ళలో ఎటువంటి కలవరం వుండి వుంటుందో ఊహించుకోవచ్చు. సుల్తానుకు ఒక వలీ గడప వుంది. వారికి దుఆ తప్ప దిక్కు లేదు.

పన్నెండేళ్ళ తరువాత ఇదే ఓరుగల్లు ముందు ఇంతకంటె పెద్ద ఆపద వచ్చింది. గియాసుద్దీన్ తుగ్లక్ కుమారుడు ఉలూగ్ ఖాన్ ముట్టడి సాగిస్తున్నాడు. ఢిల్లీ నుంచి వారానికి రెండు మూడుసార్లు వచ్చే జాబులు దాదాపు నెలరోజులు ఆగిపోయాయి. సుల్తాను మరణించాడని, ఢిల్లీలో సింహాసనం చేతులు మారిందని విడిదిలో వదంతి పుట్టింది. సర్దారులు తమ తమ దళాలతో లేచిపోయారు. కోట పడబోతున్న సమయంలో దండు చెల్లాచెదురై దేవగిరికి వెనుదిరిగింది. చివరకు సుల్తాను క్షేమంగానే వున్నాడని తేలింది! 1323లో మళ్ళీ దండెత్తి వస్తే గాని ఓరుగల్లు వశం కాలేదు. ప్రతాపరుద్రుని కోటగోడలు చేయలేని పనిని ఒక నెల టపా ఆగడం చేసిందంటే అతిశయోక్తి కాదు.

1334లో ఢిల్లీ చేరిన ఇబ్నె బతూతా ఈ టపా వేగాన్ని మెచ్చుకుంటూ వ్రాశాడు. మైలులో మూడవ వంతుకొక విడిది, అక్కడ నడుము బిగించి సిద్ధంగా వున్న పరుగువాడు, అతని చేతిలో మువ్వల కర్ర – ఈ ఏర్పాటు నిజంగా అద్భుతమైనదే. కాని అది మోసింది సుల్తాను ఫర్మానాలనూ, గూఢచారుల నివేదికలనూ. మామూలు సిపాయి తల్లికి పంపే సలాం ఏ వర్తకుని మూటలోనో, ఏ బాటసారి నోటిలోనో ప్రయాణం చేయవలసిందే.

కోటల కావలివారు

ఆసఫ్‌జాహీల కాలం వచ్చేసరికి ఉత్తర తెలంగాణంలో సిపాయి అంటే నడిచిపోయే దండువాడు మాత్రమే కాదు. ఏళ్ళ తరబడి కోటలో కావలి కాసేవాడు. 18వ శతాబ్దిలో జఫరుద్దౌలా మీర్జా ఇబ్రాహీం ధంసా ఆధిపత్యంలో నిర్మల్, జగిత్యాల కోటలు బలపడ్డాయి. ఎలగందుల కోటలోని జంట మీనారుల మసీదు కూడా ఆ కాలం నాటిదే.

19వ శతాబ్దిలో నిజాం సర్కారు కొలువులో అరబ్బు, రొహిల్లా దళాలు పెద్ద సంఖ్యలో వుండేవి. అరబ్బులలో ఎక్కువమంది నేటి యెమన్‌లోని హజ్రమౌత్ నుంచి వచ్చినవారు. వారి కబురు ఓడలో సముద్రం దాటవలసిందే. ఐనా ఆ బంధం తెగలేదు. హైదరాబాదులో జమాదారీ చేసిన ఖుఐతీ వంశంవారు ఇక్కడ సంపాదించిన ధనంతో ముకల్లా, షిహర్ ప్రాంతాలలో ఒక సుల్తానతునే నెలకొల్పారు. సామాన్య అరబ్బు సిపాయిలలో అనేకులు ఇక్కడే పెండ్లాడి ఇక్కడివారైపోయారు. హైదరాబాదులోని బార్కస్ పేటకు ఆ పేరు ఇంగ్లీషు ‘బ్యారక్స్’ నుంచే వచ్చింది. బస్రా, కూఫాల వలె ఇక్కడ కూడా విడిదే ఇల్లయింది. ఐతే ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాని తల్లి అక్కడ ఒంటరిగా మిగిలిందన్న సంగతి మరువరాదు.

కొలువు పోయిన సిపాయి గతి మరీ దయనీయం. 1857 తిరుగుబాటు అణగిన తరువాత చెదిరిపోయిన రొహిల్లాలు కొందరు నిర్మల్ ప్రాంతంలో రాంజీ గోండుతో చేయి కలిపి బ్రిటిషువారిపైనా, నిజాం సర్కారుపైనా పోరాడారు. 1860లో రాంజీ గోండునూ, అతని అనుచరులనూ నిర్మల్‌లో ఒక మర్రిచెట్టుకు ఉరితీశారు. ఆ చెట్టును జనం వెయ్యి ఉరుల మర్రి అన్నారు. తిరుగుబాటుదారుల ఇళ్ళకు వార్త మోసుకుపోయే సర్కారీ టపా ఏ రాజ్యంలోనూ వుండదు.

సర్కారు టపా, రెండు సిక్కాలు

సామాన్యుడు కూడా డబ్బు చెల్లించి జాబు పంపుకోగల టపా హైదరాబాదు రాజ్యంలో 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో స్థిరపడింది. రాజ్యపు మొదటి తపాలా బిళ్ళ 1869లో వెలువడింది. 1871లో వచ్చిన బిళ్ళలపై విలువను ఫార్సీ, ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ లిపులలో ముద్రించారు. చిన్న కాగితపు ముక్కపై నాలుగు లిపులు! ఎలగందుల నుంచి జిల్లా కేంద్రం 1905లో కరీంనగర్‌కు మారింది. అదే ఏడు ఆదిలాబాదు కూడా జిల్లా అయింది. 1929 నాటికి కాజీపేట – బల్లార్షా రైలుమార్గం పూర్తి కావడంతో పెద్దపల్లి, మంచిర్యాల, సిర్పూరు ప్రాంతాలకు టపా దగ్గరైంది.

ఐనా సిపాయి కుటుంబానికి కొన్ని చిక్కులు మిగిలే వున్నాయి. నిజాం తపాలా బిళ్ళ రాజ్యం లోపలే చెల్లేది; బయటికి పోయే జాబుకు బ్రిటిషు ఇండియా బిళ్ళ కావాలి. బ్రిటిషు సైన్యంలో వున్నవానికి జీతం కల్దారు రూపాయల్లో అందేది. ఊరి అంగడిలో చెల్లేది హాలీ సిక్కా. ఆరు కల్దారులకు సుమారు ఏడు హాలీలు మారకం. ఈ లెక్క తెలియని ముసలితల్లి షావుకారు చెప్పిన మాటే నమ్మవలసి వచ్చేది. వీటన్నిటికంటె పెద్ద అడ్డు చదువు. సిపాయి పక్షాన విడిదిలో చదువు వచ్చిన తోటివాడు ఉర్దూలో వ్రాయాలి. ఊళ్ళో పేష్ ఇమామో, బడిపంతులో, పట్వారీయో చదివి వినిపించాలి. భార్యాభర్తల మాట నలుగురి నోళ్ళు దాటి చేరేది. గడప దగ్గర కూర్చుని జాబు వ్రాసిపెట్టిన ఖలీఫా ఔన్నత్యం ఇక్కడే మనకు అర్థమవుతుంది. ఆయన వ్రాసిపెట్టడమే కాదు, ఇంటి గుట్టును అమానతుగా కాపాడారు కూడా.

సెన్సారు చదివిన జాబులు

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు హైదరాబాదుతో సంబంధమున్న రెండు గుర్రపుదళాలు సముద్రం దాటాయి. ఒకటి 20వ దక్కన్ హార్స్. ఇది పూర్వపు హైదరాబాదు కంటింజెంటు నుంచి పుట్టి, 1903లో బ్రిటిషు ఇండియా సైన్యంలో కలిసిపోయింది. ఇందులో సిక్కులు, జాట్లతోపాటు దక్కనీ ముస్లింలూ వుండేవారు. ఈ దళం ఫ్రాన్సు వెళ్ళింది. 1916 జులై 14న సోమ్ యుద్ధంలో హైవుడ్ వద్ద గుర్రాలపై దాడి చేసింది. రెండవది నిజాం స్వంత సైన్యమైన హైదరాబాదు ఇంపీరియల్ సర్వీసు లాన్సర్లు. ఇది ఈజిప్టుకు వెళ్ళి సూయజ్ కాలువను కాచి, ఆపై పాలస్తీనాలో పోరాడింది. ఢిల్లీలో 1922లో నెలకొల్పిన తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లకు గుర్తు.

ఈ లాన్సర్లకు ఎదురుగా నిలిచినది ఉస్మానీ ఖలీఫా సైన్యం. 1914 నవంబరులో ఇస్తాంబూలు నుంచి జిహాద్ ప్రకటన వెలువడింది. బ్రిటిషువారికి విధేయులై వుండవలసిందిగా నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ముస్లింలకు పిలుపునిచ్చాడు. ఒకవైపు ఖలీఫా, మరొకవైపు ఉప్పు తిన్న ప్రభువు! ఇటువంటి సమయంలో ముస్లిం సిపాయి ఇంటికి ఏమి వ్రాయగలడు? మనసులోని మాట వ్రాస్తే అది సెన్సారు కంట పడుతుంది.

ఫ్రాన్సులోని భారత సైనికుల జాబులను పరిశీలించడానికి బ్రిటిషువారు ప్రత్యేకంగా సెన్సారు కార్యాలయాన్ని ఏర్పాటు చేశారు. 1915 తొలి నెలల నాటికి ఆ దళాల నుంచి వారానికి పదివేల నుంచి ఇరవైవేల జాబులు వెళ్ళేవి. సెన్సారు వాటిలో కొన్నింటిని ఎంచి, ముఖ్యభాగాలను ఇంగ్లీషులోకి మార్పించి పైవారికి నివేదించేవాడు. సిపాయిలకు ఈ సంగతి తెలుసు. అందుకే కొందరు సంకేతాలు కల్పించుకున్నారు. నల్ల మిరియాలంటే భారత సిపాయిలు, ఎర్ర మిరపకాయలంటే తెల్ల సిపాయిలు. నల్ల మిరియాలు అయిపోవచ్చాయని వ్రాస్తే, ఇంటివారు అర్థం చేసుకుని తమ్ముణ్ణి సైన్యంలో చేరనివ్వకూడదు!

ఇందులో విచిత్రమేమంటే, ఇళ్ళకు చేరిన అసలు జాబుల్లో చాలా భాగం కాలగర్భంలో కలిసిపోయాయి. సెన్సారు నివేదికలు మాత్రం లండన్‌లోని బ్రిటిషు లైబ్రరీలో భద్రంగా వున్నాయి. ఆ సిపాయిల మాట నేడు మనకు ప్రధానంగా ఇంగ్లీషు అనువాదంలోనే లభిస్తున్నది. తల్లిని ‘అమ్మాజాన్’ అన్నాడో, ‘అమ్మీ’ అన్నాడో, సలాం ఎవరెవరికి పేరు పేరునా చెప్పాడో ఆ అనువాదంలో చాలావరకు జారిపోయింది. కాపలాదారుకు కావలసిన అర్థం మిగిలింది. ఇంటివారికి కావలసిన గొంతు మిగలలేదు.

జాడ తెలియని భర్త

సెన్సారు చదివినా సరే, జాబు రావడమే మేలనిపించే రోజులు కూడా వచ్చాయి. 1941 డిసెంబరు 8న జపాను సైన్యం మలయా ఈశాన్య తీరాన కోటాబారు వద్ద దిగింది. అక్కడి విమానాశ్రయపు రక్షణలో నిజాం సైన్యానికి చెందిన ఒకటవ హైదరాబాదు ఇన్‌ఫాంట్రీ వుంది. ఆ విమానాశ్రయం ఆరోజే చేజారింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. భారత సిపాయిలు సుమారు 45 వేలమంది బందీలయ్యారు. వారిలో కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. కొందరిని న్యూగినీ దీవుల దాకా కూలిపనికి తరలించారు.

యుద్ధఖైదీ శిబిరానికి చేరిన వారంలోగా తాను బందీనయ్యానని ఇంటికి ఒక కార్డు వ్రాసుకొనే హక్కు 1929 జెనీవా ఒప్పందంలో వుంది. జపాను దానిపై సంతకం చేసింది గాని ధ్రువీకరించలేదు. ఎన్నో కుటుంబాలు నెలల తరబడి, కొన్ని ఏళ్ళ తరబడి, ఏ కబురూ లేక గడిపాయి.

ఇక్కడ జాబు అనేది ఊరట మాత్రమే కాదు, షరీఅతు సమస్య కూడా. భర్త బ్రతికి వున్నాడో లేదో తెలియని స్త్రీ సుహాగినా, వితంతువా? ఆమె ఇద్దత్ ఎప్పుడు మొదలవుతుంది? ఆస్తి పంపకం ఎలా? ఫిఖ్హాలో ఇటువంటి భర్తను ‘మఫ్ఖూద్’ అంటారు. నాలుగేళ్ళు ఎదురుచూచి, ఆపై ఇద్దత్ గడిపి ఆమె విముక్తురాలు కావచ్చునని హజ్రత్ ఉమర్ (రజి) తీర్పు ఇచ్చారు. ఇమామ్ మాలిక్ (రహ్మ) దీనినే అనుసరించారు. ప్రాచీన హనఫీ మతం ప్రకారం అతని ఈడువారు గతించేదాకా ఆమె ఆగవలసి వుంటుంది. అంటే ఆచరణలో జీవితాంతం. ఈ కష్టాన్ని గుర్తించి మౌలానా అష్రఫ్ అలీ థానవీ 1930ల తొలి సంవత్సరాల్లో ‘అల్ హీలతున్నాజిజా’ గ్రంథంలో మాలికీ అభిప్రాయాన్ని స్వీకరించారు. 1939లో బ్రిటిషు ఇండియాలో వచ్చిన ముస్లిం వివాహ రద్దు చట్టం, నాలుగేళ్ళు జాడ తెలియని భర్త నుంచి విడిపోయే హక్కును స్త్రీకి ఇచ్చింది. రాత్రి గస్తీలో ఒక స్త్రీ గొంతు విన్న ఖలీఫా తీర్పు పదమూడు శతాబ్దాల తరువాత కూడా ఒక ఇంటి తలుపు తెరిచింది. విడిది నుంచి వచ్చే ఒక్క కార్డు ఎంత బరువైనదో తెలుసుకోవడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

పెట్టెలో మిగిలినవి

1948 సెప్టెంబరు సైనిక చర్యతో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. నిజాం సైన్యం రద్దయింది. 1950 ఏప్రిల్ 1న నిజాం టపా భారత తపాలాశాఖలో విలీనమైంది. స్వతంత్ర భారత సైన్యంలో చేరిన యువకుని చిరునామా చివర ‘56 ఎ.పి.ఓ.’ లేదా ‘99 ఎ.పి.ఓ.’ అని వుండేది. సైనికుడు ఏ మంచుకొండపై వున్నాడో ఆ అంకె చెప్పదు. కాని జాబు అతనికి చేరుతుంది. 1972లో ఆర్మీ పోస్టల్ సర్వీసు ప్రత్యేక కోర్‌గా ఏర్పడింది. హద్దుల్లోని సైనికునికి జాబు చేరడం దయ కాదు, అతని హక్కు అనే భావం ఇందులో వుంది. 1970ల నుంచి ఈ జిల్లాల యువకులు గల్ఫుకు వెళ్ళసాగారు. అప్పుడు ‘క్యాంపు’ అన్న మాటకు ఇక్కడి ఇళ్ళలో మరో అర్థం వచ్చింది. జాబుకు బదులు క్యాసెట్టులో గొంతు రికార్డు చేసి పంపుకున్న రోజులవి. చదువు అడ్డం తొలగింది. ఎడబాటుకు హద్దు మాత్రం ఎవరూ నిర్ణయించలేదు.

నేడు సెల్‌ఫోను అరచేతిలో వుంది. కాని పాత జాబుల సంగతేమిటి? కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో సిపాయిగిరి చేసినవారి ఇళ్ళలో రేకుపెట్టెల అడుగున ఇంకా కొన్ని జాబులు, మనియార్డరు రసీదులు, పింఛను కాగితాలు మిగిలి వుంటాయి. తాత వ్రాసినది ఉర్దూలో. తెలుగు బడిలో చదువుకున్న మనుమనికి ఆ లిపి రాదు. చదవడం రానందువల్ల వాటిని పాతకాగితాలవానికి అమ్మివేయడం జరుగుతున్నది. సెన్సారు భద్రపరచినపాటి శ్రద్ధ వారసులకు లేకపోతే అది విచారించవలసిన విషయం.

ఉర్దూ, తెలుగు రెండూ తెలిసినవారు ప్రతి మొహల్లాలోనూ ఇంకా వున్నారు. పెద్దల దగ్గర కూర్చుని ఒక్కొక్క జాబును చదివించుకుని, తేదీతో, ఊరిపేరుతో, సలాములతో సహా తెలుగులో వ్రాసిపెట్టుకోవడం కష్టమైన పని కాదు. ఇంటివారి గుట్టును ఇంట్లోనే వుంచి, చరిత్రకు పనికివచ్చేదానిని వేరుచేయవచ్చు. చదువురాని ఇంటి గడప దగ్గర కూర్చుని కలం పట్టిన హజ్రత్ ఉమర్ (రజి) సున్నతును మన కాలంలో పాటించే మార్గాలలో ఇదీ ఒకటి. అల్లాహ్ అందుకు మనకు తౌఫీఖు ప్రసాదించుగాక!